కోపం అనుకున్నాను

2023 సంక్రాంతికి మా అత్తమ్మ చేసిన సకినాలు ఎవరమూ తినలేకపోయాం. పిండి బాగానే కలిసింది. నువ్వులు, ఓమ సమంగానే పడ్డాయి. చుట్లు ఎప్పటిలాగే గుండ్రంగా తిరిగాయి. కానీ దసరాకు అప్పాలు కాల్చగా మిగిలిన నూనె ఏదో డబ్బాలో ఉంటే దాంతోనే కాల్చింది. వంటింట్లో అడుగు పెట్టలేనంత వాసన. "అత్తమ్మా, నూనె పాడైంది, వాసనొస్తలేదా?" అన్నాను. తల కూడా తిప్పకుండా "అయితే తినకు" అంది.

మా వాడకట్టులో ఎవరింట్లో సకినాలు చుట్టాలన్నా అత్తమ్మనే పిలుస్తారు. పిండి పులిసిందా లేదా అన్నది వేలు పెట్టకుండా ముక్కుతోనే చెప్పే మనిషి. అలాంటామె పాడైన నూనె వాడిందంటే, వాసన తెలియక అని నాకు తట్టలేదు. కావాలనే చేసింది అనుకున్నాను. కోడళ్లకు ఇలాంటి లెక్కలు తొందరగా వస్తాయి. ఆ ఏడాదంతా నేను అవే లెక్కలు రాసుకున్నాను.

2021లో సెకండ్ వేవ్‌లో ఇంట్లో అందరికీ కరోనా వచ్చింది, అందరికీ వాసన పోయింది, అందరికీ తిరిగి వచ్చింది. అత్తమ్మకూ వచ్చే ఉంటుందిలే అనుకున్నాం. ఎవరూ అడగలేదు. తర్వాత ఎప్పుడో కూరలో ఉప్పు, కారం కుదరకపోతే "కరోనాతోని నోరు చెడిపోయింది" అని ఆమే అంది. దాంతో ఆ విషయం అక్కడికి అయిపోయింది. ఇల్లు మాత్రం వాసనలతో నిండుతూనే ఉంది. పాలు పొంగి, గిన్నె మాడి, పొగ హాల్లోకి వచ్చేది. ఆమె పక్కనే కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉండేది. ఒకరోజు స్టవ్ మంట ఆరిపోయి గ్యాస్ వస్తూనే ఉంటే, వరండాలో పేపర్ చదువుతున్న మామయ్య పరుగెత్తుకొచ్చి ఆపాడు. "ఇల్లు కాలపెడ్తవా!" అని అరిచాడు. ఆమె తిరిగి అరవలేదు, భయపడనూ లేదు. "ఆ" అని ఊరుకుంది. ఆ ఊరుకోవడమే అసలు జబ్బు అని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాకది మొండితనంలా కనిపించింది.

స్నానం వాయిదా వేయడం మొదలైంది. టీవీ ముందు కూర్చుంటే కూర్చున్నట్టే. పెళ్లికి వెళ్తే పెళ్లికూతురి తల్లి వినేలా "పిల్ల నల్లగున్నది" అనేసింది. ఆమె నోట అలాంటి మాట ముందెప్పుడూ వినలేదు. మా ఆయన ఏమీ అనేవాడు కాదు. రాత్రి నేను చెప్పబోతే "అమ్మకు వయసైతాంది, జర సర్దుకో" అనేవాడు. అప్పటికి ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. అదేం వయసు?

ఆ అక్టోబర్‌లో సద్దుల బతుకమ్మ రోజు పద్మాక్షి గుట్ట దగ్గరకు వెళ్లాం. ప్రతి ఏడూ ఆడి ఆడి గొంతు పోయేదాకా పాడే మనిషి మెట్ల మీద కూర్చుండిపోయింది. పళ్లెంలో తంగేడు, గునుగు, బంతి పేర్చుకొని నేనే ఆడాను. తిరిగొచ్చి సత్తు ముద్ద చేతిలో పెడుతుంటే చూశాను, పట్టుచీర తడిసి ఉంది. మెట్టు కూడా తడిసింది. ఆమెకు అది తెలిసినట్టే లేదు. సిగ్గుపడితే ఏదో ఒకటి చెప్పి ఓదార్చేదాన్ని. సిగ్గు లేకపోవడమే నన్ను భయపెట్టింది. నా చున్నీ నడుముకు చుట్టి ఆటోలో ఇంటికి తెచ్చాను. ఆ రోజు మొదటిసారి మా ఆయన కూడా "డాక్టర్‌కు చూపిద్దాం" అన్నాడు.

చూపించాం. ఒక చోట షుగర్ పెరిగి మూత్రం ఆగట్లేదన్నారు. షుగర్ ఉన్న మాట నిజమే. ఇంకో చోట ముక్కులో అలర్జీ అని స్ప్రే ఇచ్చారు. మరో చోట డిప్రెషన్ అని రాత్రి గోలీలు రాశారు. మూడు నెలలు వేసుకుంది. నిద్ర పెరిగింది, అంతే. వాళ్లందరినీ తిట్టుకున్నాను కానీ, ప్రతి చోటా మేం చెప్పింది ముక్కలు ముక్కలుగానే. మూత్రం సంగతి ఒకరికి, ముక్కు సంగతి ఒకరికి, మనసు సంగతి ఇంకొకరికి. మూడూ ఒకే మనిషివని ఒక్క చోట కూడా చెప్పలేదు.

చివరికి పట్టుకున్నది కళ్ల డాక్టర్. 2024 ఫిబ్రవరి, మేడారం జాతర వారం. హన్మకొండ రోడ్ల నిండా జాతర బస్సులే, ఆటో దొరకడమే గగనం. అత్తమ్మ గుమ్మాలకు తగులుతోందని, శుక్లాలేమోనని తీసుకెళ్లాను. కంట్లో చుక్కలు వేసి, అరగంట కూర్చోబెట్టి, చీకటి గదిలో లైటు పెట్టి చూశాడు. ఒక కన్ను చూశాడు, రెండోది చూశాడు, మళ్లీ మొదటిది చూశాడు. తర్వాత కుర్చీ నా వైపు తిప్పి అడిగాడు.

"అమ్మకు వాసన తెలుస్తదా?"

కంటి డాక్టర్‌కు వాసనతో ఏం పని అనుకుంటూనే "కరోనాలో పోయింది సార్" అన్నాను. ఆయన అది కాగితం మీద రాసుకున్నాడు. మూత్రం గురించి అడిగాడు, కోపం గురించి అడిగాడు. ఎడమ కంటి నరం పాలిపోయిందని, కుడి కంటి నరం ఉబ్బిందని, ఇది కంటి జబ్బు కాదని, ఈ రోజే తలకు ఎమ్మారై తీయించమని చెప్పాడు. తర్వాత హైదరాబాద్‌లో ఒక జూనియర్ డాక్టర్ చెప్పింది, ఒక కన్ను పాలిపోయి ఒక కన్ను ఉబ్బే ఈ లక్షణాన్ని 1911లో ఫోస్టర్ కెన్నెడీ అనే డాక్టర్ వివరంగా రాశాడని, దానికి ఆయన పేరే ఉందని. నూరేళ్ల కిందటి పాఠం హన్మకొండలో ఒక చీకటి గదిలో మా పనికొచ్చింది.

రంగు మందు ఎక్కించి తీసే ఎమ్మారై కనుక ముందు కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో తెలియడానికి రక్తంలో క్రియాటినిన్ చూశారు. ఆ తర్వాత ఒంటి మీద లోహం ఏదీ ఉండొద్దన్నారు. పుస్తెలతాడు తియ్యమని ఎట్లా చెప్పాలా అని నేను తడబడుతున్నాను. మా ఆయన చెల్లెలి కాన్పప్పుడు ఎక్స్‌రే దగ్గర పుస్తెలు తియ్యమన్నందుకు ఆ టెక్నీషియన్‌తో పోట్లాడిన మనిషి ఈమె. తీయాల్సి వస్తే ముందు పసుపు కొమ్ము కట్టుకోవాలని నియమం పెట్టిన మనిషి. అలాంటిది రబ్బరు బ్యాండు తీసినట్టు తలమీదుగా తీసి నా చేతిలో పడేసి, మెట్టెలు కూడా ఊడబెరికి ఇచ్చి, లోపలికి వెళ్లి పడుకుంది. ఫిల్ములో ఏముందో చూడకముందే, చేతిలో బరువుగా ఉన్న ఆ తాడు చూసి నాకు అర్థమైపోయింది, లోపల పడుకున్నది మా అత్తమ్మ కాదని.

ఫిల్ములో రెండు కళ్ల మధ్య, ముక్కుకు పైన, తెల్లగా, గుండ్రంగా బత్తాయంత గడ్డ. 5.8 సెంటీమీటర్లు. ఆల్ఫ్యాక్టరీ గ్రూవ్ మెనింజియోమా అని రాశారు. న్యూరో సర్జన్ పెన్నుతో చూపిస్తూ వివరించాడు. ఇది మెదడులోంచి పుట్టింది కాదు, మెదడును కప్పే పొరలోంచి పుట్టింది. ముక్కు నుంచి వాసన మోసే నరాలు పుర్రెలోకి వెళ్లే చోటే ఇది మొలిచింది కాబట్టి మొదట వాసన పోయింది. వెనక్కి, పైకి పెరుగుతూ ముందు మెదడును నొక్కింది. సిగ్గు, శ్రద్ధ, ఎక్కడ ఏం మాట్లాడాలన్న ఆలోచన, మూత్రం ఆపుకోవడం, అన్నీ అక్కడివే. ఇంకా వెనక్కి పెరిగి కంటి నరాలను తాకింది. "చానా ఏండ్లుగా పెరుగుతాంది, ఐదారేండ్లయినా అయ్యుండొచ్చు" అన్నాడు. అంటే నేను రాసుకున్న లెక్కలన్నీ ఆ బత్తాయి కాయవే. పెద్దవాళ్లలో తల లోపల మొదలయ్యే గడ్డల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఈ మెనింజియోమానే అట. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెట్టింపు అట. 1922లో దానికి ఆ పేరు పెట్టింది హార్వీ కుషింగ్ అనే సర్జన్. ఇవన్నీ ఆ రాత్రి ఫోన్‌లో చదివాను. నిద్ర పట్టక చదివాను, అర్థమై కాదు.

వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, ఫిట్స్ రాకుండా లెవెటిరాసిటామ్ మొదలుపెట్టి హైదరాబాద్ వెళ్లమన్నారు. నాలుగో రోజు పొద్దున నేను స్కూల్‌కు తయారవుతుంటే వెనకనుంచి "మీ మామకు చాయ్ ఇచ్చినవా?" అని వినిపించింది. ఏడాదిగా ఆమె ఎవరి చాయ్ గురించీ అడగలేదు. మామయ్య ఏడ్చేశాడు. సమ్మక్కకు నిలువెత్తు బంగారం మొక్కుకున్నాడు. మేడారం బంగారమంటే బెల్లమే, మనిషి బరువుకు సరిపడా. ఆ మొక్కుతోనే తగ్గిందని ఆయన నమ్మకం. ఇక కోత ఎందుకన్నాడు. చుట్టాల్లో ఇద్దరు ఆయనకే వత్తాసు పలికారు. ఒకాయన ఆకు పసరు సంగతి కూడా ఎత్తాడు. స్టెరాయిడ్ చేసేది ఇంతే అని వాళ్లకు చెప్పడం నా వల్ల కాలేదు. గడ్డ చుట్టూ ఉన్న వాపు దిగుతుంది, మనిషి తేరుకుంటుంది, గడ్డ అలాగే ఉంటుంది. షుగర్ మాత్రం 340కి ఎక్కింది. మా ఆయన సర్జన్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "పెద్దాయనా, ఇది గడ్డ మీద కప్పిన దుప్పటి. దుప్పటి తీస్తే గడ్డ అట్లనే ఉంటది" అన్నాడు సర్జన్. మామయ్యకు ఆ మాట ఎక్కింది.

హైదరాబాద్‌లో ఆరోగ్యశ్రీ కింద చేరాం. 2023 డిసెంబర్‌లోనే పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. రేషన్ కార్డు, ఆధార్, ఎమ్మారై రిపోర్టు ఆరోగ్యమిత్రకు ఇస్తే అనుమతికి నాలుగు రోజులు పట్టింది. ఎలాగూ ఇన్సులిన్‌తో షుగర్ దించడానికి వారం కావాలన్నారు కాబట్టి ఆ నాలుగు రోజులు నష్టం అనిపించలేదు. గుండెకు ఎకో, గడ్డకు రక్తం ఎటునుంచి వస్తుందో చూడటానికి సీటీ యాంజియో, మూడు యూనిట్ల రక్తానికి ముగ్గురు దాతలు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి మా ఆయన దోస్తులు పొద్దున్నే దిగి ఇచ్చి, టిఫిన్ కూడా తినకుండా వెళ్లిపోయారు.

పక్క బెడ్ మీద పెద్దపల్లి వైపు నుంచి వచ్చిన ఒక ట్రాక్టర్ డ్రైవర్ ఉండేవాడు. నలభై మూడేళ్లు. నెల కిందటి దాకా బాగానే ఉన్నాడట. ఉన్నట్టుండి మాటలు దొరకడం మానేశాయి. నీళ్లు కావాలంటే "అది, అది" అంటూ గ్లాసు చూపేవాడు. అతని భార్య, నేను ఒకే బాల్కనీలో బట్టలు ఆరేసుకునేవాళ్లం. "మీదీ గడ్డనే, మాదీ గడ్డనే గదక్కా" అనేది. ఆ మాటలో ఆమెకు ఏదో ధైర్యం. నేను అవునన్నాను.

ఆపరేషన్ ముందు రోజు సంతకం పెట్టించేటప్పుడు సర్జన్ దాచకుండా చెప్పాడు. చెవి నుంచి చెవి దాకా నెత్తి మీద కోస్తాం, నుదుటి ఎముక తెరుస్తాం, గడ్డ తీశాక ఎముక మళ్లీ పెట్టేస్తాం. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, ఫిట్స్, మెదడు నీరు ముక్కులోంచి కారడం, ఇవి ఉండొచ్చు. చూపు ఎంత వస్తుందో చెప్పలేం. వాసన మాత్రం రాదు. మామయ్య అన్నీ విని "మనిషొస్తదా సారూ?" అని అడిగాడు. సర్జన్ కాసేపు ఆగి "రావాలనే చేస్తున్నం" అన్నాడు.

పొద్దున ఎనిమిదికి తీసుకెళ్లారు. సాయంత్రం ఐదున్నరకు బయటికి తెచ్చారు. ఆ తొమ్మిదిన్నర గంటల గురించి రాయడానికేం లేదు. కారిడార్‌లో ఒకే ఫ్యాను ఉంది, దానికింద ఎప్పుడూ ఎవరో ఒకరు పడుకొని ఉన్నారు.

మర్నాడు సీటీలో రక్తం గడ్డకట్టలేదన్నారు. మూడో రోజు వార్డుకు మార్చారు. ముఖం ఉబ్బి, కళ్లు రెండూ మూసుకుపోయి, తలకు కట్టు. ముక్కులోంచి నీళ్లలా కారినా, గొంతులో ఉప్పగా తగిలినా వెంటనే చెప్పమన్నారు. ముక్కు చీదొద్దు, ముక్కొద్దు అన్నారు. నేను దూదితో ముక్కు దగ్గర తుడుస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం చెయ్యి లేచింది. మెడ దగ్గర తడుముకుంది. అటు తడిమింది, ఇటు తడిమింది.

"నా పుస్తెలతాడేది?"

నా బ్యాగులో ఉంది. రుమాల్లో మూట కట్టి ఇరవై రోజులుగా మోస్తున్నాను. కానీ వెంటనే తీయలేకపోయాను, చేతులు వణికాయి. "ఏం పిల్లవే, అడిగితే చెప్పవు" అని విసుక్కుంది. మూసిన కళ్లతోనే. ఆ విసుగు నాకు బాగా తెలిసినది, పెళ్లయిన కొత్తలోది.

పన్నెండో రోజు కుట్లు తీసేటప్పటికి బయాప్సీ రిపోర్టు వచ్చింది. మెనింజియోమా, గ్రేడ్ 1. గడ్డ మొత్తం తీశారు, అది మొలిచిన చోట పొరను కాల్చారు. రేడియేషన్ అక్కర్లేదు, కీమో అక్కర్లేదు. మళ్లీ రావచ్చు కాబట్టి ఏడాదికోసారి ఎమ్మారై.

అదే రోజు డ్రైవర్ భార్య తన కాగితం తెచ్చింది. "మీరు టీచర్ గదక్కా, ఏం రాసిన్రో చదవు." నేను చదివాను. గ్లయోబ్లాస్టోమా, గ్రేడ్ 4. "నాలుగు" అన్నాను. "మీది?" అంది. "ఒకటి." "నాలుగంటే పెద్దదా?" డాక్టర్ వివరంగా చెప్తాడులే అని కాగితం మడిచి ఇచ్చాను. చెప్పకపోవడం తప్పా ఒప్పా నాకిప్పటికీ తేలలేదు. అతని గడ్డ మెదడులోంచే పుట్టి, వేళ్లలా పాకేది. కంటికి కనిపించిందంతా తీసినా అంచుల్లో మిగులుతుంది. ఆరు వారాల్లో ముప్పై సార్లు రేడియేషన్, దాంతోపాటు రోజూ టెమోజోలమైడ్ గోలీ, ఆ తర్వాత నెలకు ఐదు రోజుల చొప్పున ఆరు నెలలు. ఈ పద్ధతికి ఆధారమైన 2005 నాటి అధ్యయనంలో, రేడియేషన్ ఒక్కటే ఇచ్చినప్పటితో పోలిస్తే గోలీ కూడా కలిపినప్పుడు, సగం మంది బతికిన కాలం 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగింది. రెండేళ్లు దాటినవాళ్లు నూటికి పది మంది నుంచి ఇరవై ఆరు మందికి పెరిగారు. ఇది ఆ రాత్రి చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. పోయిన ఏడు శ్రావణంలో ఆమె నుంచి ఫోన్ వచ్చింది. చివరి రెండు నెలలు అసలు మాట లేదట. "నా పేరు మాత్రం అన్నడక్కా ఒక్కసారి" అంది.

మేం ఇంటికొచ్చాక అంతా సాఫీగా ఏమీ జరగలేదు. స్టెరాయిడ్ మెల్లమెల్లగా తగ్గించాలి, ఒక్కసారిగా ఆపొద్దు. ముఖం పూరీలా ఉబ్బింది, రాత్రి రెండింటికి లేచి అన్నం అడిగేది. నాలుగో నెలలో, బాగానే ఉంది కదా అని రెండు రోజులు ఫిట్స్ గోలీ వేసుకోలేదు, మేమూ గమనించలేదు. పొద్దున బాత్‌రూమ్‌లో పడిపోయి కొట్టుకుంది. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి తీసుకెళ్తే ఇంజెక్షన్ ఇచ్చి ఆపారు. అప్పటి నుంచి గోలీల డబ్బా మామయ్య జేబులోనే ఉంటుంది, ఎనిమిది కొడితే ఆయన నీళ్ల గ్లాసుతో ప్రత్యక్షం.

ఆ గోలీకి చిరాకు తెప్పించే గుణం ఉందట. ఇప్పుడు నా కష్టం వేరు. ఆమె నా మీద కేకలేస్తే అది గడ్డదా, గోలీదా, అత్తమ్మదా అని ఆలోచించాలి. డాక్టర్‌ను అడిగితే నవ్వాడు. మా ఆయన అయితే "మొదటి రెండూ కావు" అంటాడు.

కుడి కన్ను పేపర్ చదివేంత బాగైంది. ఎడమ కంటికి వేళ్లు లెక్కపెట్టేంతే. మూడు నెలలకు తీసిన ఎమ్మారై, ఏడాదికి తీసినది, రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఎమ్మారైకి వెళ్లే ప్రతిసారీ పసుపు కొమ్ము ఇంట్లోనే కట్టుకొని బయల్దేరుతుంది. వాసన రాలేదు. మల్లెపూలు కొనడం మానేసింది, దండగ అంటుంది. గ్యాస్ లీకైతే మోగే అలారం వంటింట్లో పెట్టించాం. దాన్ని "మీ ముక్కు" అంటుంది.

2025 సంక్రాంతికి మళ్లీ సకినాలు చుట్టింది. బట్ట మీద వరసగా ఆరబెట్టి, బాండీ పొయ్యి మీద పెట్టి, నూనె డబ్బా మూత తీసి నా ముఖం దగ్గర పెట్టింది.

"వాసన చూడు."

"మంచిగనే ఉంది అత్తమ్మా."

"నిజంగనా? మొన్న తిట్టిన్నని కోపం మీద చెప్తున్నవా?"

మళ్లీ చూశాను. బాగానే ఉంది. అయినా పక్కన పెట్టి కొత్త ప్యాకెట్ కత్తిరించాను.